కార్తీకంలో కొండెక్కేవాళ్ళకు, తోపులో వండుకునేవాళ్ళకు

దసరా దాటి నేల ఆరుతుంది, గెడ్డల్లో (కొండవాగుల్లో) నీళ్ళు తేటపడతాయి, ఎండలో చురుకు తగ్గుతుంది. దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, కోరాపుట్ ఊళ్ళలో ఉండే తెలుగువాళ్ళకు ఏడాది మొత్తంలో ఆరుబయట గడపడానికి ఇంతకంటే మంచి కాలం లేదు. ఒక్క చిక్కేమిటంటే పగలు చిన్నది. ఈ కాలంలో కొండల్లో పడే ఇబ్బందుల్లో సగానికి సగం చీకటి పడిపోవడం వల్ల వచ్చేవే. అందుకని ఎక్కడికి వెళ్ళాలన్నా ముందు పొద్దు ఎన్నింటికి కుంకుతుందో చూసి, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకోవాలి.

మన జిల్లాలు దేశంలో తూర్పు వైపున ఉన్నాయి, గడియారం మాత్రం దేశమంతటికీ ఒకటే. అందుకే ఇక్కడ చీకటి పెందలాడే పడుతుంది. అక్టోబరు మొదట్లో బరంపురంలో పొద్దు సుమారు 5:35కి కుంకితే, నవంబరు మొదటి వారానికి 5:15కే కుంకుతుంది. కోరాపుట్ పడమరగా ఉంది కాబట్టి అక్కడ ఏడెనిమిది నిమిషాలు ఆలస్యం. కుంకాక వెలుతురు ఇంకో ఇరవై, ఇరవై అయిదు నిమిషాలే నిలుస్తుంది. మీరున్న లోయకు పడమట కొండ ఉంటే ఎండ గంట ముందే పోతుంది, దాంతోపాటే చలి దిగుతుంది.

లెక్క ఇలా కట్టాలి. ఆరు కిలోమీటర్ల కాలిబాట, 600 మీటర్ల ఎత్తు ఎక్కాలి అనుకోండి. చదునైన దారిలో గంటకు నాలుగు కిలోమీటర్ల చొప్పున గంటన్నర. ప్రతి 100 మీటర్ల ఎత్తుకూ పది నిమిషాలు కలిపితే ఇంకో గంట. ఆగి నీళ్ళు తాగడానికి, ఫొటోలకు అరగంట. మొత్తం మూడు గంటలు. దిగడానికి రెండు గంటలు. నవంబరులో పొద్దు కుంకే వేళ 5:15 అయితే బండి దగ్గరికి 3:45కి చేరి ఉండాలి. ఆ గంటన్నర మిగులు ఎవరికో కాలు మడత పడినప్పుడు, దారి తప్పినప్పుడు అక్కరకొస్తుంది. అంటే దిగడం 1:45కి మొదలు. పైన తినడానికి, కూర్చోవడానికి గంటన్నర కావాలంటే శిఖరం 12:15కి చేరాలి, నడక 9:15కి మొదలెట్టాలి. కొండ కిందికి రెండు గంటల ప్రయాణం ఉంటే ఇంట్లోంచి 7:15కి బయటపడాలి. పదేళ్ళలోపు పిల్లలు, అరవై దాటిన పెద్దలు ఉంటే నడక గంటల్ని ఒకటిన్నరతో హెచ్చించండి. అప్పుడు లెక్క కుదరకపోతే కొండను మార్చండి. మిగులు గంటన్నరలోంచి మాత్రం ఒక్క నిమిషం కూడా తీయొద్దు.

ఇంకో నియమం. వెనుదిరిగే వేళ ముందే అందరికీ చెప్పి ఉంచాలి. శిఖరం ఎదురుగా కనిపిస్తున్నా సరే, ఆ వేళ కాగానే తిరిగి రావాలి. "ఇంకో పది నిమిషాలే కదా" అన్నచోటే మనుషులు చీకట్లో చిక్కుకుంటారు.

వాన ఇంకా పోలేదు

నైరుతి రుతుపవనాలు మామూలుగా అక్టోబరు రెండో వారం ప్రాంతంలో ఒడిశా నుంచి తప్పుకుంటాయి. ఆకాశం నీలంగా ఉంది కదా అని వానను మరిచిపోకూడదు. సముద్రం అప్పటికింకా వెచ్చగానే ఉంటుంది, పైన వీచే గాలులకూ కింది గాలులకూ మధ్య తేడా తగ్గుతుంది. తుఫాను కట్టడానికి ఈ రెండూ చాలు. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గర తీరం దాటింది. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖను కొట్టింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర దాటింది. మూడూ దాదాపు ఒకే తేదీ. తిత్లీ తీరం దాటి వెళ్ళాక కురిసిన వానకు గజపతి జిల్లా కొండల్లో చరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. గాలి ఆగిందంటే ప్రమాదం పోయిందని అనుకోవద్దు. నీళ్ళు తాగిన కొండ ఆ తరవాత జారుతుంది.

కాబట్టి ప్రయాణానికి అయిదు రోజుల ముందు నుంచి వాతావరణ శాఖ ప్రకటనలు చూస్తూ ఉండండి. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినబడితే తేదీని కాగితం మీద పెన్సిల్‌తో రాసినట్టు చూడండి, చెరిపేయడానికి సిద్ధంగా. మీ జిల్లాకు ఆరెంజ్ హెచ్చరిక ఉంటే మానుకోండి. పెద్ద వాన వెలిశాక కొండదారికీ జలపాతానికీ కనీసం మూడు రోజులు గడువివ్వండి. దుడుమ, గండాహతి లాంటి జలపాతాలు అక్టోబరులో నిండుగా, చూడముచ్చటగా ఉంటాయి. ఆ నీరు మీకు కనిపించని కొండ మీది నుంచి వస్తుంది. ఇక్కడ ఎండ కాస్తూనే ఉండగా పైన కురిసిన వాన గంటలో కిందికి దూకగలదు. నీరు ఉన్నట్టుండి మట్టి రంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ ఎక్కువగా కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా గెడ్డలోంచి వెంటనే గట్టెక్కండి. సామాన్ల కోసం వెనక్కి వెళ్ళొద్దు. జలపాతం కింద నల్లగా నిగనిగలాడే రాయి మీద పాచి ఉంటుంది. దాని మీద ఎంత ఖరీదైన బూటూ నిలవదు.

మధ్యాహ్నం మబ్బు కమ్మి మెరుపు కనిపిస్తే ఉరుము వినబడేదాకా సెకన్లు లెక్కపెట్టండి. వచ్చిన అంకెను మూడుతో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో తెలుస్తుంది. ముప్ఫై సెకన్లలోపే ఉరిమితే శిఖరం, గట్టు, ఒంటరి చెట్టు విడిచి దిగిపోవాలి. కడపటి ఉరుము విన్నాక ముప్ఫై నిమిషాలు ఆగి గానీ మళ్ళీ పైకి ఎక్కకూడదు.

ఎక్కడికి

మొదటిసారి వెళ్ళేవాళ్ళకు దేవమాలి సులువు. ఒడిశాలో ఇదే ఎత్తయిన శిఖరం, 1,672 మీటర్లు. సాలూరు నుంచి సుంకి, పొట్టంగి మీదుగా సెమిలిగుడ వైపు వెళ్ళే 26వ నెంబరు జాతీయ రహదారి మీంచి వెళ్తే, బండి దాదాపు పైదాకా పోతుంది. బండి పైదాకా వెళ్తుందన్నది సౌకర్యమే. కానీ అందుకే ఆదివారాలు అక్కడ పెళ్ళివారి విడిదిలా ఉంటుంది. వారం మధ్యలో వెళ్ళండి. కింద ఎక్కడైనా బండి ఆపి చివరి నాలుగైదు కిలోమీటర్లు నడిస్తే కొండ మీ సొంతం అవుతుంది. సుంకి ఘాట్‌లో తెల్లవారుజామున పొగమంచు దట్టంగా ఉంటుంది. హెడ్‌లైట్లు హైబీమ్‌లో పెడితే వెలుగు మంచు మీద పడి కళ్ళల్లోకే తిరిగి వస్తుంది. లోబీమ్‌లోనే, రెండో గేరులో వెళ్ళండి. ఎదుటి లారీ లైట్లను నమ్ముకోకుండా రోడ్డు ఎడమ అంచు చూసుకుంటూ నడపండి.

నిజంగా నడవాలనుకునేవాళ్ళకు మహేంద్రగిరి. 1,501 మీటర్లు, గజపతి జిల్లాలో, శ్రీకాకుళం సరిహద్దుకు ఆనుకొని ఉంది. పైన భీముడి గుడి, కుంతి గుడి, యుధిష్ఠిరుడి గుడి అని పిలిచే పాత రాతి గుళ్ళున్నాయి. తూర్పు గాంగులు కొలిచిన గోకర్ణేశ్వరుడి కొండ ఇది. శివరాత్రికి జనం కిక్కిరిసి ఉంటారు, కార్తీకంలో సోమవారాలు తప్పిస్తే ప్రశాంతం. సముద్రానికి దగ్గరగా లేచిన కొండ కాబట్టి తేమగాలి తగిలి పది గంటలకల్లా పైన మబ్బు పట్టేస్తుంది. కిందనుంచి ఎండలో మెరిసిన శిఖరం మీరు చేరేసరికి మబ్బులో మునిగి ఉండొచ్చు. తూర్పున సముద్రం చూడాలన్న ఆశ ఉంటే తొమ్మిదిలోపు పైన ఉండాలి. మబ్బు పట్టినప్పుడు గడ్డి బయళ్ళలో కాలిబాటలన్నీ ఒకేలా ఉంటాయి. ఎక్కేటప్పుడే ప్రతి చీలిక దగ్గరా వెనక్కి తిరిగి, దిగేటప్పుడు ఎలా కనిపిస్తుందో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. పైన సిగ్నల్ ఉంటుందన్న నమ్మకం లేదు, మ్యాపు ముందే ఫోనులోకి దించుకోవాలి. కొండ కింది ఊళ్ళో ఒకరిని దారి చూపమని రోజు కూలికి మాట్లాడుకోవడం అన్నిటికంటే మంచిది. ఇచ్చేది ముందే మాట్లాడండి, తిండి మీ వెంట తెచ్చుకున్నదాంట్లోంచి పెట్టండి.

గజపతి కొండల్లో, లఖారి లోయ వైపు ఏనుగులు తిరుగుతాయి. జీడితోటల అంచుల్లో ఎలుగుబంట్లు ఉంటాయి. ఎలుగు తెల్లవారుజామునా మునిమాపునా తిరుగుతుంది, దానికి చూపు తక్కువ, హఠాత్తుగా ఎదురుపడితే బెదిరి మీద పడుతుంది. ఆ వేళల్లో తోటల్లో నడవొద్దు. తప్పనప్పుడు నలుగురు కలిసి, మాట్లాడుకుంటూ నడవండి. ఏనుగుల జాడ గురించి దారిలో కనిపించిన వాళ్ళందరినీ అడగండి. నిన్న రాత్రి ఎక్కడున్నాయో ఊరి వాళ్ళకు తెలుస్తుంది.

కొండ ఎక్కలేని పెద్దవాళ్ళకు గుప్తేశ్వరం ఉంది. కొలాబు నది పక్కన సున్నపురాతి గుహలో శివుడు. ఆ నదే దిగువన శబరి అవుతుంది. గుహ మెట్లు తడిగా ఉంటాయి, చెప్పులు విప్పి దిగుతాం కాబట్టి పెద్దవాళ్ళకు చేతికి ఒక మనిషి ఆసరా ఉండాలి. తీరం వైపు వాళ్ళకు రంభ దగ్గర చిల్కా సరస్సు. అక్టోబరు చివరి నుంచి ఉత్తర దేశాల వలస పక్షులు దిగడం మొదలవుతుంది. పడవ ఎక్కేది పొద్దుటే, ఎందుకంటే మధ్యాహ్నానికి గాలి లేచి అలలు చిన్న పడవను తడిపేస్తాయి. లైఫ్‌జాకెట్ తొడుక్కుని బిగించుకోవాలి. ఒళ్ళో పెట్టుకున్న జాకెట్ వల్ల ఉపయోగం లేదు. పక్షుల గుంపు మీదికి పడవ పోనివ్వమని పడవవాణ్ణి తొందరపెట్టొద్దు. ఇంజను ఆపి కూర్చుంటే అవే దగ్గరికొస్తాయి.

కోరాపుట్ వైపు అక్టోబరు, నవంబరుల్లో వలిసె పూలు విరగబూస్తాయి. వాలు మొత్తం పసుపు పూసినట్టు ఉంటుంది. అవి ఎవరిదో పంట. ఫొటో కోసం చేలోకి దిగితే ఒక్కొక్క అడుగుకూ కొన్ని మొక్కలు పోతాయి, పూల మీది తేనెటీగలు రేగుతాయి. గట్టు మీద నిలబడి, వంగి తీస్తే అంతకంటే మంచి ఫొటో వస్తుంది. ఒనుకడెల్లి గురువారం సంతకు బోండా గిరిజనులు వస్తారు. వాళ్ళను ఫొటోలు తీయొద్దు. సవర ఇళ్ళ గోడల మీది బొమ్మలు దేవుళ్ళకు వేసినవి, చేత్తో తాకొద్దు. దాహం వేస్తే ఊళ్ళో అడగండి, చోడి (రాగి) అంబలి దొరికితే తాగండి. నడకకు దాన్ని మించిన బలం లేదు.

ఒంటిమీదా సంచిలోనా

కొండెక్కేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకూ ఆరేడు డిగ్రీల వేడి తగ్గుతుంది. జయపురంలో చొక్కాతో హాయిగా ఉన్న మనిషి దేవమాలి మీద పళ్ళు టకటకలాడిస్తాడు. దానికి గాలి తోడైతే చెప్పక్కర్లేదు. నూలు బట్ట చెమటకు తడిసి ఆరదు, ఎక్కడం ఆపగానే అదే చలి పుట్టిస్తుంది. ఒంటికి ఆనే చొక్కా త్వరగా ఆరే రకం ఉండాలి. లేకపోతే పొడి చొక్కా ఒకటి ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని పైకెక్కగానే మార్చుకోండి. పైన ఒక స్వెటర్, దాని మీద గాలి ఆపే పల్చటి వానకోటు. ఒకే మందపాటి జర్కిన్ కంటే ఈ రెండు మూడు పొరలే నయం, వేడెక్కితే ఒకటి తీసేయొచ్చు.

ప్యాంటు పొడుగుది, అంచులు సాక్సులో దోపుకోవాలి. వానలకు ఎదిగిన గడ్డిలో నల్లి జాతి (మైట్) పురుగులుంటాయి. వాటి కాటు నుంచే స్క్రబ్ టైఫస్ జ్వరం వస్తుంది. గడ్డి మీద నేరుగా కూర్చోవద్దు, పడుకోవద్దు, దుప్పటి పరచండి. ఇల్లు చేరగానే వేడినీళ్ళ స్నానం, ఆ బట్టలు వెంటనే ఉతుక్కి. మోకాలి వెనక, నడుము పట్టీ కింద, చంకల్లో చూసుకోండి.

నీళ్ళు మనిషికి మూడు లీటర్లు. ఊట నీరు ఎంత తేటగా ఉన్నా ఒక నిమిషం కళపెళ మరగాలి. ఓఆర్ఎస్ పొట్లాలు మనిషికి రెండు. లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటికి ఆరు చదును టీ చెంచాల చక్కెర, అర చదును టీ చెంచా ఉప్పు. ఈ కొలత తప్పకూడదు, ఉప్పు ఎక్కువైతే పిల్లలకు హాని. టార్చి మనిషికి ఒకటి, పగటి నడకకైనా సరే. ఫోను టార్చిని లెక్కలో వేసుకోవద్దు, ఫోను చార్జింగు సాయం పిలవడానికి కావాలి. విజిలు ఒకటి మెడలో ఉండాలి. మూడుసార్లు ఊది, నిమిషం ఆగి, మళ్ళీ మూడుసార్లు ఊదాలి. గొంతు పోయేదాకా అరిచేకంటే అది దూరం వినిపిస్తుంది.

బూట్లు కొత్తవి ఆ రోజే తొడగొద్దు. దిగేటప్పుడు వేళ్ళు ముందుకు జరుగుతాయి కాబట్టి ముందు రోజే గోళ్ళు తీసుకోండి. బొటనవేలి గోరు నల్లబడటానికి కారణం ఎక్కువసార్లు ఇదే.

రాత్రి ఉండాలంటే

గుడారం లోయ అడుగున వేయకూడదు. రాత్రి నేల చల్లబడి, చల్లగాలి బరువెక్కి వాలు వెంట కిందికి జారి అడుగున పేరుకుంటుంది. పొగమంచు అక్కడే కడుతుంది, తొమ్మిదింటిదాకా వదలదు. శిఖరం మీద గాలి కోస్తుంది. లోయ అడుగుకంటే ఇరవై ముప్ఫై మీటర్లు ఎత్తున, గాలికి కాస్త చాటున్న మెట్ట సరైన చోటు. ఆ ఎత్తునుంచి చూస్తే తెల్లవారేసరికి మంచు కింద పాలసముద్రంలా పరుచుకుంటుంది. గెడ్డకు వంద అడుగుల దూరం, ఎండుకొమ్మలున్న చెట్టుకు దూరం పాటించండి.

చలేస్తోందని గుడారం గాలికంతలన్నీ మూసేస్తే ఊపిరి ఆవిరి లోపలి గుడ్డకు పట్టి, తెల్లవారుజామున మీ మీదే కారుతుంది. ఎదురెదురు కంతలు బెత్తెడైనా తెరిచే ఉంచండి. చలి కింద నేలనుంచి వస్తుంది. పైన ఇంకో రగ్గు కప్పేకంటే కింద ఇంకో పొర వేసుకుంటే మేలు. గడ్డి చాపో, ఫోమ్ మ్యాటో ఏదైనా సరే. గుడారంలో స్టౌ గానీ బొగ్గుల కుంపటి గానీ ఎంతమాత్రం పెట్టకూడదు. వాటి నుంచి వచ్చే విషవాయువుకు (కార్బన్ మోనాక్సైడ్) వాసన ఉండదు, నిద్రలోనే మనిషి పోతాడు.

జిప్పు మూసే ఉండాలి. కట్లపాము రాత్రిపూట నేలమీద పడుకున్నవాళ్ళనే ఎక్కువగా కరుస్తుంది. ఆ కాటు నొప్పిగా ఉండదు, గాటు కూడా సరిగ్గా కనబడదు. తెల్లవారుజామున ఎవరికైనా కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం కనిపిస్తే పాముకాటే అనుకుని బయల్దేరండి. కోయొద్దు, పీల్చొద్దు, తాడు కట్టి బిగించొద్దు. కరిచిన చేయి గానీ కాలు గానీ కదలకుండా కర్రతో కట్టు కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుని, 108కి ఫోను చేస్తూ రోడ్డు దాకా తీసుకురండి. బరంపురంలో ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ, కోరాపుట్‌లో శహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ ఉన్నాయి. మీరు వెళ్ళే చోటికి దగ్గరి పెద్దాసుపత్రి ఏదో బయల్దేరేముందే తెలుసుకుని ఉండాలి.

వనభోజనం

ఇక అసలు పండగ ఇదే. ముందు తేదీ గురించి ఒక మాట, ఎందుకంటే మన జిల్లాల్లో దీని దగ్గరే తికమక వస్తుంది. తెలుగువాళ్ళ కార్తీకం దీపావళి అమావాస్య మర్నాటి నుంచి మళ్ళీ అమావాస్య దాకా. ఒడియా నెల పౌర్ణమితో ముగుస్తుంది. కాబట్టి వాళ్ళ కార్తీకం మన కంటే పదిహేను రోజులు ముందే మొదలై, కార్తీక పౌర్ణమితో అయిపోతుంది. పౌర్ణమితో ముగిసే అయిదు రోజులు వాళ్ళకు పంచుక, ఇంట్లో నీచు ముట్టరు. పౌర్ణమి మర్నాడు ఛాడఖాయి, ఆ రోజు చేపా మాంసమూ వండుకుంటారు. మనకప్పటికి కార్తీకం ఇంకా సగం మిగిలే ఉంటుంది. కలిసి వెళ్ళే ఒడియా పక్కింటివాళ్ళుంటే పౌర్ణమికి ముందు ఆదివారం పెట్టుకోండి. ఆనాడు ఇద్దరికీ శాకాహారమే, ఉల్లీ వెల్లుల్లీ లేని వంటే, ఎవరూ ఎవరికోసం సర్దుకోనక్కర్లేదు. ఛాడఖాయి రోజు నది ఒడ్డులూ తోపులూ కిటకిటలాడతాయి, ఆ రోజు వదిలేయండి. పౌర్ణమినాడు తెల్లవారకముందే బొయితొ బందాణకు (నీళ్ళలో చిన్న పడవలు వదిలే పండగకు) రేవులకు వెళ్తే చూడవలసిన దృశ్యమే. అరటి దొప్పతో పడవ చేసుకోండి, థర్మకోల్ వద్దు. రేవు మెట్లు పాచి పట్టి ఉంటాయి, పిల్లల్ని కింది మెట్టుకు దించొద్దు.

చోటు చూసేటప్పుడు ఉసిరి చెట్టు ఉందా, బండి ఆగుతుందా, నీళ్ళు దగ్గరా అని చూస్తాం. వాటికంటే ముందు తల పైకెత్తి చూడాలి. మర్రి, మద్ది, బూరుగు లాంటి పెద్ద చెట్ల కొమ్మలకు కొండతేనె పట్టు వేలాడుతుంటే దాని కింద పొయ్యి పెట్టకూడదు. పొగ తగిలితే ఈగలన్నీ ఒక్కసారి దిగుతాయి. దిగితే మొహం కప్పుకుని పరుగెత్తడమే, నీళ్ళలో దూకితే పైకి లేచేదాకా కాచుకుని ఉంటాయి. ముల్లును గోరుతో గీకి తీయండి. ఉసిరి చెట్టు లేని తోపు అయితే ఒక కొమ్మ తెచ్చి కుండలో నిలబెట్టి పూజ చేసుకునే అలవాటు ఉండనే ఉంది. దీపం పెట్టే చోట గజం మేర ఎండుటాకులు ఊడ్చేయాలి. రిజర్వు అడవిలో మంట పెట్టడం నేరం. ఊరి తోపులో, తోట యజమానిని అడిగి పెట్టుకోండి.

ఇరవైమందికి బియ్యం మూడు కిలోలు. అందులో కిలోన్నర పులిహోరకు, కిలోన్నర తెల్లన్నానికి. పులిహోరకు కిలో బియ్యానికి వంద గ్రాముల చింతపండు, నూటయాభై మిల్లీలీటర్ల నూనె చొప్పున తీసుకుని, పులుసు ముందు రోజు రాత్రే నూనె తేలేదాకా ఉడికించి సీసాకెత్తండి. అన్నం తెల్లవారుజామున పలుకుగా వండి, వెడల్పాటి పళ్ళెంలో పరిచి, పసుపూ రెండు చెంచాల నూనే చల్లి పూర్తిగా ఆరబెట్టాలి. పులుసు అక్కడికి వెళ్ళాకే కలపండి. వేడన్నాన్ని మూత బిగించి తీసుకెళ్తే ఆవిరికి చెమ్మగిల్లి పన్నెండింటికి వాసన కొడుతుంది. పులిహోర పాడైందని జనం చింతపండును తిడతారు గానీ తప్పు ఆ మూతది.

కార్తీకంలో కంద కొత్తగా తవ్వుతారు, కాబట్టి కూర కంద బచ్చలే. కంద కిలోన్నర, బచ్చలి నాలుగు కట్టలు, చింతపండు నిమ్మకాయంత రెండు ఉండలు, పచ్చిమిర్చి పది, ఆవాలు మూడు చెంచాలు. చేతులకు నూనె రాసుకుని కంద తరగండి, లేకపోతే దురద. ముక్కలు చింతపండు నీళ్ళలో మెత్తగా ఉడికాక బచ్చలి వేసి, పోపు పెట్టి, పొయ్యి మీంచి దింపి, పది నిమిషాలు ఆగి ఆవ కలపాలి. మంట మీద ఉండగా ఆవ వేస్తే చేదెక్కుతుంది. ఒడియావాళ్ళుంటే డాల్మా వాళ్ళ చేత వండించండి. కందిపప్పు ముప్పావు కిలో, అరటికాయ, బొప్పాయి కాయ, గుమ్మడి కలిపి రెండు కిలోలు, దింపాక వేయించిన జీలకర్ర ఎండుమిర్చి పొడి. పెరుగు మూడు లీటర్లు, బరంపురం అప్పడాలు రెండు కట్టలు, ఉసిరి పచ్చడి, బెల్లం పరమాన్నం ఉంటే నిండు విస్తరి.

కోరాపుట్ పీఠభూమి మీద వండేవాళ్ళకు ఒక హెచ్చరిక. నీళ్ళు మరిగే వేడి ప్రతి మూడొందల మీటర్లకూ ఒక డిగ్రీ చొప్పున తగ్గుతుంది. కోరాపుట్‌లో సుమారు 97 డిగ్రీలకే మరుగుతాయి, దేవమాలి మీద 95 కంటే కొంచెం తక్కువకే. నీళ్ళు తెర్లుతూనే ఉంటాయి, పప్పు మాత్రం పలుకుగానే ఉంటుంది. పప్పు గంట ముందు నానబెట్టండి, లేదా కుక్కరు తీసుకెళ్ళండి. ఎంత మంట పెంచినా నీటి వేడి పెరగదు, కట్టెలు మాత్రం అయిపోతాయి.

మూడు రాళ్ళ పొయ్యికి రాళ్ళు గెడ్డలోంచి తేవద్దు. లోపల చెమ్మ ఉన్న రాయి వేడికి పగిలి పెళ్ళలు ఎగురుతాయి. పొడి నేల మీది రాళ్ళు ఏరుకోండి. కట్టెలు ఇంటినుంచి పన్నెండు, పదిహేను కిలోలు తెచ్చుకోవాలి, తోపులో పచ్చికొమ్మ నరకొద్దు, అది పొగ తప్ప మంట ఇవ్వదు. వంటకూ కడుగుళ్ళకూ నలభై లీటర్ల నీళ్ళు, తాగడానికి వేరే. విస్తళ్ళు అడ్డాకువి సంతలో కట్టలుగా దొరుకుతాయి. మనిషికి రెండు చొప్పున, మరో పది అదనంగా కొనండి. వాటిని గుంట తీసి పూడ్చేయొచ్చు. ప్లాస్టిక్ గ్లాసులు, పాల కవర్లు, అగరుబత్తి పెట్టెలు మాత్రం గోనెసంచిలో వేసి వెనక్కి తేవాలి. అన్నం అంటిన కవరును ఆవు మింగుతుంది.

వంట పదకొండున్నరకు అయిపోయేట్టు తొమ్మిదికే పొయ్యి వెలిగించండి. పన్నెండున్నరకు బంతి కూర్చుంటే, పిల్లల ఆటలకు రెండు గంటలు మిగులుతాయి. మూడున్నరకు పొయ్యి ఆర్పడం మొదలుపెట్టండి. ఒక బిందె నీళ్ళు పోసి, కర్రతో కెలికి, మళ్ళీ ఒక బిందె పోసి, బూడిద మీద అరచేయి పెట్టి చూడాలి. చేతికి వెచ్చగా తగిలితే ఇంకా ఆరలేదు, మూడో బిందె పోయండి.

తిరిగొచ్చాక మూడు వారాల లోపు ఎవరికి జ్వరం వచ్చినా మామూలు జ్వరమని మాత్ర వేసుకుని ఊరుకోవద్దు. ఈ కొండల్లో మలేరియా ఉంది, స్క్రబ్ టైఫస్ ఉంది. ఒంటి మీద ఎక్కడైనా సిగరెట్ కాలినట్టు నల్లటి మచ్చ కనిపిస్తుందేమో వెతకండి. డాక్టరు దగ్గరికి వెళ్ళగానే ఫలానా తేదీన ఫలానా కొండకు వెళ్ళొచ్చామని మొదటి మాటగా చెప్పండి, రక్త పరీక్ష అదే రోజు చేయించండి.